స్పిన్ పరికరానికి ఏ పాలిమర్ తీసుకోవాలి? పనిని బట్టి ఎంపిక

ఎలక్ట్రాన్‌కి ఛార్జ్‌తో పాటు స్పిన్ అనే చిన్న అయస్కాంత గుణం ఉంటుంది. ఆ స్పిన్‌ని వాడుకునే ఎలక్ట్రానిక్స్ పేరే స్పింట్రానిక్స్. దానికి ఏ పాలిమర్ మంచిది అంటే ఒక్క మాటలో జవాబు లేదు. స్పిన్‌తో మీకున్న పని ఏమిటో ముందు తేలాలి. స్పిన్‌ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేయాలా? దాన్ని వోల్టేజీగా మార్చాలా? ఒక దిశ స్పిన్‌ని వదిలి రెండో దిశ స్పిన్‌ని ఆపాలా? లేక గొలుసులోనే జత లేని ఎలక్ట్రాన్లను నిలబెట్టి అయస్కాంత గుణం తెప్పించాలా? ఒక పనికి పనికొచ్చే గుణమే ఇంకో పనికి అడ్డం పడుతుంది. ఇది చూసుకోకుండా, ట్రాన్సిస్టర్లలో పేరు తెచ్చుకున్న పాలిమర్‌నే తెచ్చి స్పిన్ పరికరంలో పెట్టి, సిగ్నల్ ఎందుకు రావడం లేదో అర్థంకాక తలపట్టుకునేవాళ్లు చాలామంది. అందుకని పేర్ల పట్టిక పక్కనపెట్టి పనుల వారీగా పోలుస్తాను.

ఇంకో మాట కూడా ముందే చెప్పేయాలి. స్పిన్‌ని ఎంత దూరం మోయగలం అన్నదొక్కటే మీ కొలమానమైతే పాలిమర్ జోలికి రావద్దు. బోరాన్ నైట్రైడ్ పొరల మధ్య పెట్టిన గ్రాఫీన్ గది ఉష్ణోగ్రత దగ్గరే పదుల మైక్రోమీటర్లు మోస్తుంది. పాలిమర్‌ది ఆ పోటీ కాదు. ద్రావణంలో కరిగించి పూత వేసుకోవచ్చు, డోపింగ్‌తో (ఎలక్ట్రాన్‌ని ఇచ్చే లేదా లాక్కునే అణువులు కలపడంతో) స్పిన్‌ల సంఖ్య పెంచుకోవచ్చు, ఒక్క పరమాణువు మార్చి స్పిన్ ప్రవర్తన మొత్తం మార్చుకోవచ్చు. ఈ మూడింటిలో ఏదో ఒకటి మీకు అవసరమైతేనే ఈ దారిలోకి రండి.

స్పిన్‌ని చెదరగొట్టేవి రెండు

మొదటిది హైపర్‌ఫైన్ ప్రభావం. పాలిమర్ నిండా హైడ్రోజన్ ఉంటుంది. హైడ్రోజన్ కేంద్రకానికి సొంత స్పిన్ ఉంది, అది చుట్టుపక్కల చిన్న అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. ఒక్కో కేంద్రకం ఒక్కో దిక్కుకి తిరిగి ఉంటుంది కాబట్టి, వాటి మీదుగా వెళ్లే ఎలక్ట్రాన్ స్పిన్ నెమ్మదిగా దారి తప్పుతుంది. కార్బన్‌తో ఈ బాధ లేదు. కార్బన్-12 కేంద్రకానికి స్పిన్ సున్నా, స్పిన్ ఉన్న కార్బన్-13 సహజంగా 1.1 శాతమే.

రెండోది స్పిన్-ఆర్బిట్ కప్లింగ్. ఎలక్ట్రాన్ తిరిగే కక్ష్యకి, దాని స్పిన్‌కి మధ్య ఉండే లంకె ఇది. పరమాణు సంఖ్య పెరిగేకొద్దీ దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. సల్ఫర్ 16, సెలీనియం 34. ఉజ్జాయింపు లెక్కలో సల్ఫర్ స్థానంలో సెలీనియం పెడితే ఆ పరమాణువు దగ్గర లంకె ఇరవై రెట్లు బలపడుతుంది. అలాగని భారీ పరమాణువు ఉందా లేదా అని మాత్రమే చూస్తే సరిపోదు. ఆ పరమాణువు మీద ఎలక్ట్రాన్ నిజంగా ఎంత భాగం కూర్చుంటోంది, అణువు ఆకారం ఎలా ఉంది అన్నవీ లెక్కలోకి వస్తాయి. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో సేంద్రియ సెమీకండక్టర్ అణువులను వరుసగా కొలిస్తే వాటి స్పిన్ జీవితకాలం 200 మైక్రోసెకన్ల నుంచి 0.15 మైక్రోసెకన్ల దాకా విస్తరించింది. పైగా ఆ జీవితకాలానికీ, ఈపీఆర్‌లో (జత లేని ఎలక్ట్రాన్లను మైక్రోవేవ్‌లతో పసిగట్టే కొలత) కనిపించే జీ విలువ (అయస్కాంత క్షేత్రానికి స్పిన్ ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె) స్వేచ్ఛా ఎలక్ట్రాన్ విలువ నుంచి ఎంత జరిగిందన్నదానికీ పొంతన కుదిరింది. ఎంపిక చేసేవాళ్లకి ఇది చాలా ఉపయోగపడుతుంది. పరికరం కట్టకముందే, ఒక గొట్టంలో ద్రావణం పోసి జీ విలువ కొలిస్తే ఆ పదార్థం ఏ వైపు మొగ్గుతుందో తెలిసిపోతుంది.

స్పిన్‌ని మోయించాలంటే

ఎక్కువమంది వచ్చేది ఈ పనికే, ఎక్కువ గందరగోళమూ ఇక్కడే. స్పిన్ జీవితకాలం బాగా ఉంటే దూరం వస్తుందని అనుకుంటారు. దూరం అనేది వ్యాపన గుణకం, జీవితకాలం రెండింటి లబ్ధానికి వర్గమూలం. వ్యాపన గుణకం మొబిలిటీతో పాటే, అంటే ఛార్జ్ ఎంత సులువుగా కదులుతుందన్నదానితో పాటే పెరుగుతుంది. గది ఉష్ణోగ్రతలో మొబిలిటీ 0.01 (వోల్ట్-సెకనుకి చదరపు సెంటీమీటర్లలో) ఉన్న పాలిమర్‌ని తీసుకుని, స్పిన్ 10 నానోసెకన్లు బతుకుతుందనుకుంటే దూరం 16 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. మొబిలిటీ 1కి పెంచితే 160 దాకా వస్తుంది. మొబిలిటీని అలాగే ఉంచి జీవితకాలాన్ని మైక్రోసెకనుకి పెంచినా అదే 160. రెండింట్లో ఏది పెంచడం తేలికో మీ పదార్థమే చెప్పాలి.

మూడో దారి ఒకటి ఉంది, నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు అదే. స్పిన్‌లు బాగా దగ్గరగా ఉంటే, ఛార్జ్ కదలకుండానే పక్కపక్క స్పిన్‌లు తమ దిశలను మార్చుకోగలవు. దీన్ని ఎక్స్చేంజ్ కప్లింగ్ అంటారు. ఘన సెంటీమీటరుకి 10కి 20వ ఘాతం స్పిన్‌లు ఉంటే వాటి మధ్య సగటు ఎడం రెండు నానోమీటర్లే. 2019లో డోప్ చేసిన కాంజుగేటెడ్ పాలిమర్లలో (గొలుసులో ఏక, ద్వి బంధాలు మార్చి మార్చి వచ్చి ఛార్జ్‌ని పోనిచ్చేవి) ఈ సాంద్రత దగ్గర మైక్రోమీటరుకి మించిన స్పిన్ దూరం, 10 నానోసెకన్ల ప్రయాణ సమయం నమోదయ్యాయి. అంతకు ముందు నిలువు స్పిన్ వాల్వ్‌లలో (రెండు అయస్కాంత పొరల మధ్య పాలిమర్ పెట్టిన పరికరాలు) మామూలుగా కనిపించింది 50 నానోమీటర్ల చుట్టుపక్కలే. ఒక చిన్న లెక్క వేసి చూడండి. 10 నానోసెకన్లలో మైక్రోమీటరు దాటడం ఛార్జ్ దూకుళ్లతోనే జరగాలంటే మొబిలిటీ 40 దగ్గర ఉండాలి. మనకి తెలిసిన పాలిమర్లు అక్కడికి రావు. అంటే స్పిన్ ఛార్జ్‌ని వదిలి తన దారిన తాను పోతోందన్నమాట.

ఈ పనికి ముందుకొచ్చే పేర్లలో మొదటిది పీ3హెచ్‌టీ, థయోఫీన్ అనే సల్ఫర్ వలయాలతో కట్టిన పాలిమర్. దొరకడం సులువు, దాని గురించి తెలియని విషయం దాదాపు లేదు. మొదటి పాలిమర్ స్పిన్ వాల్వ్‌లలో కొన్ని దీంతోనే కట్టారు. కానీ మొబిలిటీ తక్కువ. కొలత పద్ధతి నేర్చుకోవడానికి, పోల్చుకునే నమూనాగా పక్కన ఉంచుకోవడానికి బాగుంటుంది. ఫలితం కోసం దీని మీద ఆధారపడొద్దు.

అదే థయోఫీన్ కుటుంబానికి చెందిన పీబీటీటీటీ నా మొదటి ఎంపిక. ఇందులో పక్క గొలుసులు ఒకదానిలోకి ఒకటి పళ్లచక్రాల్లా ఇమిడి, ప్రధాన గొలుసులు పొరలు పొరలుగా సర్దుకుంటాయి. 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడి చేసి నెమ్మదిగా చల్లార్చితే ఆ వరుస ఇంకా మెరుగవుతుంది. 2014లో పర్మల్లాయ్ (నికెల్-ఇనుము మిశ్రలోహం), పీబీటీటీటీ, ప్లాటినం మూడు పొరల పరికరంలో స్పిన్ పంపింగ్ (మైక్రోవేవ్‌లతో అయస్కాంతాన్ని కదిలించి స్పిన్‌ని పక్క పొరలోకి నెట్టడం) ద్వారా చూపించిన స్పిన్ దూరం గది ఉష్ణోగ్రతలో 150 నానోమీటర్ల దగ్గర. దీన్ని డోప్ చేయడం కూడా తేలిక. ఎలక్ట్రాన్‌ని లాక్కునే ఎఫ్4టీసీఎన్‌క్యూ అనే డోపెంట్ ఆవిరిని పైనుంచి పంపితే ఆ అణువులు పక్క గొలుసుల మధ్య చోటు చేసుకుంటాయి. స్పిన్ నడిచే దారి అయిన పేర్పు పెద్దగా చెదరదు. అదే డోపెంట్‌ని పాలిమర్ ద్రావణంలోనే కలిపేస్తే ముందుగానే గడ్డలు కట్టి పూత గరుకుగా వస్తుంది. స్పిన్ పరికరంలో పొర మందం నానోమీటర్లలో అదుపులో ఉండాలి కాబట్టి ఆ తేడా చాలా పెద్దది.

ఐడీటీ-బీటీ అనే మరో పాలిమర్‌ది ఇంకో రకం బలం. చూడ్డానికి స్ఫటిక క్రమం పెద్దగా లేకపోయినా ప్రధాన గొలుసు మెలిక పడకుండా నిటారుగా ఉంటుంది, అందువల్ల ఛార్జ్ దారిలో ఎగుడుదిగుళ్లు తక్కువ. తక్కువ స్పిన్ సాంద్రత దగ్గర, గొలుసు కదలికలకీ స్పిన్ జీవితానికీ ఉన్న సంబంధం చదవాలనుకుంటే దీన్ని మించింది లేదు. ఎక్స్చేంజ్ దారిలో వెళ్లాలనుకుంటే మాత్రం చిక్కే. దీని నుంచి ఎలక్ట్రాన్‌ని లాగడం కష్టం కాబట్టి ఎఫ్4టీసీఎన్‌క్యూ సరిగ్గా డోప్ చేయలేదు. అయాన్ మార్పిడి డోపింగ్ లాంటి బలమైన పద్ధతి కావాలి. ఎన్-రకం (ఎలక్ట్రాన్లని మోసేది) కావాలనుకునేవాళ్లకి ఎన్2200 అనే పాలిమర్ ఉంది. గాలి, తేమ తగలకుండా అంతా గ్లవ్ బాక్స్‌లోనే చేయగలిగితేనే దాని వైపు చూడండి.

డోపింగ్ అనగానే ఎంత ఎక్కువైతే అంత మంచిదని అనుకోవద్దు. డోపింగ్‌తో గొలుసు మీద పుట్టే, స్పిన్ ఉన్న ఛార్జ్‌ని పోలరాన్ అంటారు. ఒక హద్దు దాటాక రెండు పోలరాన్లు కలిసి బైపోలరాన్ అవుతాయి. దానికి ఛార్జ్ ఉంటుంది, స్పిన్ ఉండదు. విద్యుత్ వాహకత పెరుగుతూనే పోతుంది, మీరు సంతోషపడుతుంటారు, లోపల స్పిన్‌లు మాయమవుతుంటాయి. దీన్ని పట్టుకునే దారి ఒకటే. ఈపీఆర్‌లో స్పిన్‌లను లెక్కపెట్టండి, ఛార్జ్‌ల సంఖ్యని వేరే పద్ధతిలో కొలవండి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండో సంఖ్య పెరుగుతూ మొదటిది ఆగిపోయిన చోటే మీ డోపింగ్ హద్దు.

హైడ్రోజన్ బదులు డ్యుటీరియం (భారీ హైడ్రోజన్) పెట్టాలా అని చాలామంది అడుగుతారు. డ్యుటీరియంతో హైపర్‌ఫైన్ లంకె ఆరున్నర రెట్లు తగ్గుతుంది. 2010లో పీపీవీ రకం పాలిమర్‌తో (ఎల్ఈడీలలో వాడే, కాంతినిచ్చే పాలిమర్) ఈ మార్పు చేసి చూస్తే స్పిన్ వాల్వ్ ప్రతిస్పందన నిజంగానే మెరుగుపడింది. కానీ పాలిమర్ మొత్తం మార్చక్కర్లేదు. పోలరాన్ ఉండేది ప్రధాన గొలుసు మీద. పీ3హెచ్‌టీలో అయితే థయోఫీన్ వలయం మీదున్న హైడ్రోజన్, పక్క గొలుసులో వలయానికి ఆనుకుని ఉన్న మొదటి కార్బన్ మీది రెండు హైడ్రోజన్లు ముఖ్యం. ఆ తర్వాత వచ్చే కార్బన్ల మీదివి పోలరాన్‌కి బాగా దూరం. గొలుసు చివరి దాకా డ్యుటీరియం నింపడానికి పెట్టే శ్రమకి దక్కేది తక్కువ. పైగా గది ఉష్ణోగ్రతలో, ఛార్జ్ వేగంగా దూకే పాలిమర్‌లో హైపర్‌ఫైన్ ప్రభావం సగటుకి కరిగిపోతుంది. అక్కడ స్పిన్‌ని చెదరగొట్టేది గొలుసు మెలికలు తిరిగే కదలిక, దాని వెంట వచ్చే స్పిన్-ఆర్బిట్ కప్లింగ్. కాబట్టి డ్యుటీరియం చల్లటి ఉష్ణోగ్రతల వాళ్లకి, లేదా ఛార్జ్ నెమ్మదిగా నడిచే పాలిమర్ వాళ్లకి. మిగతావాళ్లు ఆ శ్రమని గొలుసుని గట్టిపరచడం మీద పెట్టడం మేలు.

స్పిన్‌ని వోల్టేజీగా మార్చాలంటే

ఇక్కడ లెక్క తలకిందులవుతుంది. ఇందాక శత్రువు అనుకున్న స్పిన్-ఆర్బిట్ కప్లింగే ఇప్పుడు కావాలి. స్పిన్ ప్రవాహాన్ని అడ్డదిశలో వోల్టేజీగా మార్చే విలోమ స్పిన్ హాల్ ప్రభావం దాని మీదే ఆధారపడింది. 2013లో పీడాట్-పీఎస్ఎస్ అనే వాహక పాలిమర్‌లో ఈ ప్రభావం కనిపించింది. తేలికైన మూలకాలతోనే కట్టిన పాలిమర్‌లో అది కనిపించడమే విశేషం. గొలుసులోనే ప్లాటినం పరమాణువులు ఉన్న పాలిమర్లను 2016లో పల్స్ మైక్రోవేవ్‌లతో పరీక్షించారు. ప్లాటినం ఎంత దగ్గరదగ్గరగా ఉందన్నదాన్ని బట్టి లంకె బలాన్ని మార్చుకోవచ్చని అక్కడ తేలింది.

నా సలహా సూటిగా చెబుతాను. మీకు కావలసింది కేవలం డిటెక్టర్ అయితే ప్లాటినం లోహపు పొరే వాడండి. పాలిమర్ కన్వర్టర్ సిగ్నల్ చిన్నది. వేడి వల్ల పుట్టే వోల్టేజీ కూడా దాంట్లో కలిసిపోతుంది. అయస్కాంత క్షేత్రం దిశ తిప్పినా గుర్తు మారని భాగాన్ని తీసేయాలి. గుర్తు మారిన భాగంలో కూడా నెర్న్‌స్ట్ లాంటి ఉష్ణ ప్రభావాలు దాక్కుంటాయి కాబట్టి క్షేత్రాన్ని కోణాలు మారుస్తూ కొలవాలి. కప్లింగ్‌ని మెట్టుమెట్టుగా మారుస్తూ ఏం జరుగుతుందో తెలుసుకోవడమే మీ ప్రశ్న అయితే ప్లాటినం గొలుసు పాలిమర్, సెలీనియం పాలిమర్ రెండూ మంచి ఎంపికలే.

స్పిన్‌ని వడకట్టాలంటే

కైరల్ అణువుల (కుడి, ఎడమ చేతుల్లా అద్దంలోని తమ బొమ్మతో సరిపోలనివి) గుండా ఎలక్ట్రాన్లు వెళ్తే ఒక దిశ స్పిన్ ఎక్కువగా బయటికి వస్తుంది. 1999 నుంచి ఈ ప్రభావం మీద ప్రయోగాలు జరుగుతున్నాయి, దాని మూలం మీద వాదన ఇప్పటికీ సాగుతోంది. పాలిమర్లలో దీన్ని తెప్పించడానికి కైరల్ పక్క గొలుసులు తగిలించడం ఒక దారి, అకైరల్ పాలిమర్‌లో హెలిసీన్ లాంటి కైరల్ అణువుని కలపడం ఇంకోటి. రెండోదానికి కొత్త పాలిమర్ తయారుచేసే పని లేదు, పాళ్లు మార్చి చూసుకోవచ్చు. కాబట్టి ముందు అదే ప్రయత్నించండి.

మొదటి దారిలో వెళ్లేవాళ్లు ఒక్కటి గమనించాలి. పక్క గొలుసులో కైరల్ కేంద్రం ఉన్నంత మాత్రాన ప్రధాన గొలుసు మెలి తిరగదు. ఎలక్ట్రాన్ నడిచేది ప్రధాన గొలుసు మీద కదా. పూత వేశాక వృత్తాకార డైక్రోయిజం వర్ణపటం (కుడికి, ఎడమకి తిరిగే కాంతిని పీల్చుకోవడంలో తేడా చూపేది) తీయండి. ప్రధాన గొలుసు కాంతిని పీల్చుకునే చోట సిగ్నల్ లేకపోతే ఆ పూతతో పరికరం కట్టొద్దు. సిగ్నల్ ఉంటే కుడి, ఎడమ రూపాలు రెండింటితోనూ పరికరాలు కట్టండి. రూపం మారితే స్పిన్ దిశ కూడా మారాలి. ఒక్క రూపంతోనే వచ్చిన ఫలితాన్ని నేను నమ్మను.

గొలుసులోనే స్పిన్ ఉండాలంటే

డోపింగ్ లేకుండానే జత లేని ఎలక్ట్రాన్లు ఉండే పాలిమర్లు రెండు రకాలు. ఒకటి రాడికల్ పాలిమర్లు. వీటిలో టెంపో లాంటి స్థిరమైన రాడికల్ గుంపులు పక్కకి వేలాడుతుంటాయి. కాంజుగేషన్ అసలు లేని అలాంటి ఒక పాలిమర్ గాజు 2018లో మీటరుకి 28 సీమెన్స్ వాహకత చూపించి అందరినీ ఆశ్చర్యపరిచింది. రెండోది, ఎలక్ట్రాన్‌ని ఇచ్చే భాగం, లాక్కునే భాగం ఒకదాని తర్వాత ఒకటి పేర్చి, శక్తి అంతరాన్ని బాగా కుదించి, గొలుసులోనే రెండు స్పిన్‌లు ఒకే దిశలో నిలిచేలా చేయడం. సైక్లోపెంటాడైథయోఫీన్, థయాడయాజోలోక్వినాక్సలిన్ భాగాలతో కట్టిన అలాంటి హై-స్పిన్ పాలిమర్ 2019లో వెలుగులోకి వచ్చింది, అది ద్రావణంలో కరుగుతుంది కూడా.

రెండోది రసాయనపరంగా నన్ను ఎక్కువ ఆకట్టుకుంటుంది. అయినా ఈ రోజు పరికరం కావాలనుకునేవాళ్లకి సిఫారసు చేయను. చెదురుమదురు స్పిన్‌లు ఉన్నాయనడానికీ, అవన్నీ ఒకే దిశలో వరుస కట్టాయనడానికీ చాలా దూరం. పాలిఆరైల్‌మిథైల్ పాలిమర్‌లో 2001లో అయస్కాంత క్రమం కనిపించింది, అదీ 10 కెల్విన్ దగ్గర. స్పిన్ రసాయన శాస్త్రమే మీ పని అయితే మాత్రం మంచి ప్రశ్నలన్నీ ఇక్కడే ఉన్నాయి.

అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సెన్సార్ కావాలంటే ఈ నాలుగూ వద్దు. పీపీవీ రకం పాలిమర్‌తో ఎల్ఈడీ లాంటి డయోడ్ కట్టి, అందులో స్పిన్ రెజొనెన్స్‌ని విద్యుత్ ప్రవాహంలో చదివితే చాలు. ఫెర్రో అయస్కాంత ఎలక్ట్రోడ్లే అక్కర్లేదు.

పాలిమర్ ఎంచుకున్నాక పోగొట్టుకునే చోట్లు

లోహపు అయస్కాంతం నుంచి నేరుగా పాలిమర్‌లోకి స్పిన్ పంపితే చాలా భాగం గడప దగ్గరే పోతుంది, ఎందుకంటే రెండింటి వాహకతల మధ్య తేడా విపరీతం. సన్నటి అల్యూమినియం ఆక్సైడ్ లాంటి టన్నెల్ పొర (ఎలక్ట్రాన్లు దూరిపోగల అవాహక పొర) పెట్టాలి, లేదా స్పిన్ పంపింగ్‌కి మారాలి. మొదటిసారి మొదలుపెట్టేవాళ్లు రెండోదే ఎంచుకోండి. పైన కోబాల్ట్ ఆవిరి పోస్తే అది మెత్తటి పాలిమర్‌లోకి చొచ్చుకుపోయి సన్నటి లోహ దారాలు కడుతుంది. అప్పుడు కనిపించే అయస్కాంత నిరోధం ఆ దారాలది, పాలిమర్‌ది కాదు. నిలువు స్పిన్ వాల్వ్‌లలో పాత ఫలితాలు చదివేటప్పుడు పొర మందంతో సిగ్నల్ ఎలా మారిందో, హాన్లే ప్రభావం (అడ్డంగా పెట్టిన అయస్కాంత క్షేత్రంలో స్పిన్‌లు తిరిగి సిగ్నల్ తగ్గడం) చూశారో లేదో వెతకండి.

అందరూ తేలిగ్గా తీసుకునేది శుద్ధి. సోలార్ సెల్‌కి పనికొచ్చిన శుద్ధి స్పిన్ పనికి చాలదు. పీ3హెచ్‌టీని మామూలుగా నికెల్ ఉత్ప్రేరకంతో చేస్తారు, నికెల్ ఫెర్రో అయస్కాంతం. ఫెర్రిక్ క్లోరైడ్‌తో చేసిన పాలిమర్‌లో ఇనుము మిగులుతుంది, దాంతో డోప్ చేసినా అంతే. పీబీటీటీటీ లాంటి వాటిలో పల్లాడియం, టిన్ మిగులుతాయి. అవి అయస్కాంతాలు కాకపోయినా భారీ పరమాణువులు. మెథనాల్, అసిటోన్, హెక్సేన్‌లతో సాక్స్‌లెట్ పరికరంలో (ద్రావణి మళ్లీ మళ్లీ తిరిగొచ్చి కడిగేది) కడగడం అయ్యాక, లోహాన్ని పట్టుకునే డైఇథైల్‌డైథయోకార్బమేట్ లాంటి దానితో క్లోరోఫామ్ ద్రావణాన్ని కలిపి, మళ్లీ అవక్షేపించండి. తర్వాత డోప్ చేయని పూతకి ఈపీఆర్ తీయండి. పాలిమర్ సన్నటి గీత జీ విలువ 2.00 దగ్గర ఉంటుంది. దాని కింద వెడల్పాటి గుట్టలాంటి సిగ్నల్ కనిపిస్తే లోహం ఇంకా ఉంది, ఆ బ్యాచ్‌తో ముందుకెళ్లొద్దు.

బయట కొంటున్నట్టయితే సరఫరాదారుని అణుభారం, స్వచ్ఛత శాతం మాత్రమే అడిగి ఊరుకోవద్దు. ఏ ఉత్ప్రేరకంతో చేశారు, నికెల్, పల్లాడియం, ఇనుము ఒక్కొక్కటి మిలియన్‌కి ఎన్ని భాగాలు ఉన్నాయి, అది లోహాల జాడలు కొలిచే ఐసీపీ మాస్ స్పెక్ట్రోమెట్రీలో వచ్చిన అంకేనా అని అడగండి. ఆ అంకె ఇవ్వలేనివాళ్ల దగ్గర చిన్న నమూనా మాత్రమే తీసుకుని, ఈపీఆర్ చూశాకే మిగతాది తెప్పించుకోండి.